కుడి చెవి గ్రాంటు

రాచమడుగు బడి ఎయిడెడ్ బడి. అంటే గోడలు ఊరివి, గోడల మధ్య పాఠం చెప్పే పంతుళ్ళ జీతం ప్రభుత్వానిది. గోడ పడితే ఊరు చూసుకోవాలి, పంతులు పడితే ప్రభుత్వం చూసుకోవాలి. తాతల నాటి నుంచీ ఈ ఏర్పాటు బాగానే సాగుతోంది గానీ, ఆ జీతాల గ్రాంటు ఏ లెక్కన కట్టాలన్నది మాత్రం శాఖవారికి ఏనాడూ తెగలేదు.

మొదట్లో రిజిస్టరులో ఉన్న పేర్లను బట్టి ఇచ్చారు. అప్పుడు మా ఊళ్ళో ఇంకా పుట్టని పిల్లలు కూడా మూడో తరగతి పాసయ్యారు. తర్వాత హాజరును బట్టి ఇచ్చారు. తనిఖీ రోజున చుట్టాల పిల్లలు ట్రాక్టర్ల మీద దిగి, పెళ్ళికి వచ్చినట్టు భోంచేసి, హాజరు పలికి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ పిమ్మట పరీక్ష ఫలితాలను బట్టి ఇచ్చారు. ఆ ఏడు జిల్లా మొత్తం మీద తప్పినవాడు లేడు. పరీక్షకు రాకుండా అమ్మమ్మ ఊళ్ళో ఈత కొడుతున్నవాడికి కూడా ఫస్టు క్లాసు వచ్చింది.

ఇక లాభం లేదని శాఖవారు ఒక ఉన్నత స్థాయి సంఘాన్ని వేశారు. ఆ సంఘం సముద్రపు ఒడ్డున ఒక అతిథి గృహంలో కూర్చుని, కొబ్బరిబోండాలు తాగి, సమస్య మూలంలోకి దిగింది. పిల్లవాడు బడికి వస్తాడో రాడో, వచ్చినా వింటాడో వినడో, విన్నా బుర్రకెక్కుతుందో లేదో, ఇవన్నీ పిల్లవాడి చేతిలో పనులు. వాటికి పంతులును బాధ్యుణ్ణి చెయ్యడం అన్యాయం. పంతులు చేతిలో ఉన్నది ఒక్కటే, గొంతు. ప్రభుత్వం అతనికి జీతం ఇచ్చేది దేనికి? పాఠం చెప్పడానికి. చెప్పడం అంటే ఏమిటి? నోటిలోంచి శబ్దం బయటికి రావడం. మరి శబ్దాన్ని కొలవకుండా ఇన్నాళ్ళూ జీతాలెలా ఇస్తున్నాం అని సంఘం సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని సిగ్గుపడ్డారట.

ఆ సిగ్గులోంచి ఉత్తర్వు పుట్టింది. బడి కరస్పాండెంటు మద్దినేని కోటిలింగం దాన్ని బడి అరుగు మీద కూర్చుని పైకి చదివాడు.

"బోధన అనునది ధ్వని రూపమున వెలువడి శ్రవణ రూపమున స్వీకరింపబడు ప్రక్రియ అగుటచే, ఇకమీదట ఉపాధ్యాయ వేతన గ్రాంటు, సదరు ఉపాధ్యాయుని కంఠస్వరము ఎంత మేర వినవచ్చునో ఆ వైశాల్యమును బట్టియు, ఆ వైశాల్యములోని బాలబాలికల సంఖ్యను బట్టియు లెక్కింపబడును. ఒక తరగతి గదినైనను దాటజాలని కంఠము గల ఉపాధ్యాయులు బోధనేతరులుగా పరిగణింపబడి, వారి పోస్టు రద్దగును."

చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి, "ఏంది మాస్టారూ దీని భావం?" అని హెడ్మాస్టరు తిరుపతయ్యను అడిగాడు.

"ఏముంది, గొంతున్నోడిదే గ్రాంటు" అన్నాడు తిరుపతయ్య మాస్టారు, మీసం మీద చెయ్యేసి.

ఆయన మీసం మీద చెయ్యెయ్యడంలో న్యాయం ఉంది. ఆయన కుర్రతనంలో పద్యనాటకాలు ఆడినవాడు. మైకు చెడిపోయిన రాత్రి కూడా ఆయన వేషానికి వెనక వరుసల్లోంచి డబ్బులు వాపసు అడిగినవాడు లేడు. పాఠం మాత్రం ఏడాదికి ఒకటో రెండో చెప్పేవాడు. మిగతా రోజుల్లో కుర్చీలో నిద్రపోయేవాడు. ఆ గురక కూడా వినసొంపుగానే ఉండేది.

బడిలో రెండో టీచరు రూతమ్మ. లెక్కలు చెబుతుంది. ఆమెకు దేవుడు అన్నీ ఇచ్చి గొంతు దగ్గర చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆమె చేత తిట్టించుకోవాలన్నా దగ్గరికెళ్ళి తిట్టించుకోవాలి. ఆమె పాఠం మొదలెడితే పిల్లలు మాట్లాడటం మానేసి, మెడలు సాచి, బెంచీల మీద ముందుకు వంగేవాళ్ళు. మాట్లాడితే వినపడదు మరి. రాళ్ళు కొట్టుకునే వడ్డెరపాలెం పిల్లలు ముప్పైమందికి పైగా మా బడికి వస్తున్నారంటే ఆమెను చూసే. ఆమెకు ముందు వాళ్ళకు లెక్కలంటే కూలి డబ్బులు పంచే మేస్త్రీ చెప్పిందే లెక్క. ఆమె వచ్చాక మేస్త్రీ చెప్పిన లెక్కను పిల్లలు మళ్ళీ కట్టి చూడటం మొదలెట్టారు. మేస్త్రీకి ఆమె అంటే పడదు.

ఉత్తర్వు విన్నాక రూతమ్మ టీచరు ఏదో అంది. కోటిలింగం చెయ్యి చెవికి ఆనించి, "ఆఁ?" అన్నాడు.

"మరి నా పోస్టు పోద్దా అండీ అంటున్నారు" అని పక్కనున్న ఐదో తరగతి పిల్ల చెప్పింది.

* * *

ధ్వని పరిశీలనకు వచ్చిన ప్రత్యేకాధికారి పేరు విరూపాక్షం. జీపు దిగగానే చొక్కా సర్దుకుని, "స్వరమూలము ఎవరు?" అన్నాడు. మాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, పంతులుకు శాఖవారు పెట్టిన కొత్త పేరు అది.

పద్ధతి ఇదీ. పంతులు బడిలో నిలబడి పాఠం చెబుతాడు. శాఖవారి మనుషులు పచ్చ జెండాలు పట్టుకుని నాలుగు దిక్కులా నడుస్తూ పోతారు. వినపడినంత సేపూ జెండా పైకెత్తి ఉంచాలి, వినపడకపోతే దించాలి. జెండా దిగిన చోట సర్వేయరు రాయి పాతుతాడు. ఆ రాళ్ళ మధ్య ఉన్న పిల్లలంతా ఆ పంతులు దగ్గర చదువుకుంటున్నట్టు లెక్క. దొంగతనంగా మైకులు వాడకుండా అధికారి స్వయంగా పంతులు నోటికి జానెడు దూరంలో చెవి పెట్టి నిలబడి, శబ్దం నోటిలోంచే వస్తోందని ధ్రువీకరిస్తాడు.

తిరుపతయ్య మాస్టారు కండువా బిగించి, "ఆవూ..." అని మొదలెట్టాడు. ఆ ఒక్క ఆవు ఎంతసేపు సాగిందంటే, జెండా మనిషి చెరువుగట్టు దాటి, పత్తిచేలు దాటి, వాగు దగ్గరికి పోయేసరికి కూడా అది ఇంకా పాలు ఇవ్వలేదు. మేతకు పోయిన పశువులు తలలెత్తి చూశాయి. "పాలు ఇచ్చునూ..." అని ఆయన ముగించేసరికి రాయి పక్క ఊరు వేములపాడు పొలిమేరలో పడింది. విరూపాక్షం గారు చెవిలో చిటికెనవేలు పెట్టి తిప్పుకుంటూ, "సంతృప్తికరము" అన్నాడు.

తర్వాత రూతమ్మ టీచరు లేచింది. జెండా మనిషి మూడో బెంచీ దగ్గర నిలబడ్డాడు. కొంతసేపు గడిచింది.

"ప్రారంభించవచ్చును" అన్నాడు విరూపాక్షం గారు.

"అయిపోయిందండీ" అంది ఆమె.

"ఏమి అయిపోయినది?"

"భాగహారమండీ."

మొదటి బెంచీలో కూర్చున్న వడ్డెరపాలెం పిల్ల ఈరమ్మ లేచి, "పదిహేడును ఐదుతో భాగిస్తే మూడొచ్చి రెండు మిగిల్తయ్ సార్, మాకందరికీ వినపడింది" అంది. వెనక బెంచీ వాళ్ళు కూడా వినపడిందని చేతులెత్తారు.

"పిల్లలు వినుట నిబంధనలలో లేదు. జెండా వినవలెను" అన్నాడు విరూపాక్షం గారు.

జెండాకు వినపడలేదు. సర్వేయరు రాయి ఎక్కడ పాతాలో తెలియక ఆమె బల్ల మీద పెట్టి ఊరుకున్నాడు. తిరుపతయ్య మాస్టారికి ముగ్గురు పంతుళ్ళ గ్రాంటు మంజూరైంది. రూతమ్మ టీచరుకు సంక్రాంతి సెలవుల తర్వాత జరగబోయే రెండో పరిశీలన దాకా గడువు ఇచ్చారు. అప్పటికీ గది దాటకపోతే పోస్టు రద్దు.

* * *

కోటిలింగం చెడ్డవాడు కాదు. ఆ సాయంత్రమే ఆమెను మా ఊరి నాగేంద్రమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. నాగేంద్రమ్మ జొన్నచేలో మంచె మీద నిలబడి "హోయ్" అంటే పిట్టలే కాదు, దారిన పోయేవాళ్ళు కూడా లేచిపోతారు.

"గొంతులోంచి కాదమ్మా, బొడ్డు కిందనుంచి రావాల. నీకు కోపమొచ్చినోణ్ణి ఎవర్నన్నా తలుచుకో" అంది నాగేంద్రమ్మ.

రూతమ్మ టీచరు మంచె ఎక్కి కాసేపు ఆలోచించింది. తలుచుకోవడానికి ఎవరూ దొరకనట్టుంది. కళ్ళు మూసుకుని, బలమంతా కూడదీసుకుని, "కసాగు!" అంది. కంకుల మీది చిలకలు కదల్లేదు. పైగా ఒక చిలక, ఏమంటోందోనని కాబోలు, రెండు కంకులు దాటి దగ్గరికి వచ్చి కూర్చుంది. "గసాభా!" అనేసరికి మిగతావి కూడా వచ్చాయి.

వారం తిరక్కముందే నాగేంద్రమ్మ చేతులు జోడించింది. "టీచరమ్మా, నువ్వు దిగమ్మా. నువ్వు చెప్తుంటే నాకూ బాగానే ఉంది గానీ, అవి వింటా వింటా నా జొన్నంతా తినిపోతన్నయ్."

ఇక కోటిలింగం ఆమె మీద ఆశ వదులుకుని, బడి సంగతి చూసుకున్నాడు. అదనంగా వచ్చిన గ్రాంటుతో కొత్త పంతులును పెట్టుకోవచ్చు. కంఠబలం ఉంటే చదువు అర్హతల్లో సడలింపు ఉందని ఉత్తర్వులోనే ఉంది. బస్టాండులో జనాన్ని కేకేసి బస్సులెక్కించే బాజీని పిలిపించాడు.

"ఏం చదివావురా?"

"తొమ్మిది తప్పానండి."

"గొంతు?"

"ఒంగోలు ఒంగోలు ఒంగోలు నాన్‌స్టాప్!" అన్నాడు బాజీ. ఎదురుగా కళ్ళంలో మిరపకాయల పక్కన కునికిపాట్లు పడుతున్న ముసలమ్మ ఉలిక్కిపడి లేచి, సంచీ చంకన పెట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది.

"చాల్లే, రేపట్నించి ఎక్కాలు చెప్పు" అన్నాడు కోటిలింగం.

బాజీ ఎక్కాలు బ్రహ్మాండంగా చెప్పేవాడు. "రెండ్రెళ్ళ నాలుగు, నాలుగు, నాలుగు! ఖాళీ ఉంది, ఖాళీ ఉంది, ముందుకు జరగండి!" పిల్లలు ముందుకు జరిగి, జరిగి, బయటికి వెళ్ళిపోయేవాళ్ళు. ముందువైపు గోడ లేదు మరి. "గోడ అనునది ధ్వనికి ప్రతిబంధకము" అని విరూపాక్షం గారు సెలవివ్వగానే, ఊరంతా శ్రమదానం చేసి కట్టుకున్న గోడల్ని ఊరంతా శ్రమదానం చేసి పడగొట్టుకున్నాం. పెంకులు కూడా దించేశాం. మధ్యాహ్న భోజనం బియ్యం తడవకూడదు గనుక మూలనున్న బియ్యం కొట్టు ఒక్కటే గోడలతో మిగిలింది. పోస్టు పోబోయే రూతమ్మ టీచరుకు, ధ్వనికి అడ్డం రాకుండా ఆ కొట్లో కూర్చోమని చోటు చూపించారు.

తర్వాత పిల్లలే అడ్డమని తేలింది. వాళ్ళు దగ్గర కూర్చుని గోల చేస్తే స్వరం దూరం పోదు. దానికీ ఉత్తర్వు వచ్చింది: "విద్యార్థుల ఉనికి బోధనకు అంతరాయము కలిగించుచో, వారిని వైశాల్యపు అంచులకు తరలించవచ్చును." పిల్లల్ని పొలాలకు తరలించారు. తల్లిదండ్రులకు ఇదేదో బాగుందనిపించింది. పిల్లలు మిరపకాయలు కోస్తున్నారు, బడిలోనూ ఉన్నారు. మేకలు కాసేవాడికి కూడా బడిలో పేరు పడింది. బంధువులెవరైనా వచ్చి "ఏ తరగతిరా అబ్బాయ్?" అంటే, "తూర్పు చేను, నాలుగో గట్టు" అని చెప్పేవాళ్ళు.

* * *

ఇంతలో వేములపాడు వాళ్ళు మేలుకున్నారు. వాళ్ళదీ ఎయిడెడ్ బడే. మిరప యార్డులో వేలం పాడే మనిషిని తెచ్చి సైన్సు చెప్పించడం మొదలెట్టారు. అతని గొంతు వాగు దాటి ఇవతలికి వచ్చింది. మా మాస్టారి గొంతు వాగు దాటి అవతలికి వెళ్ళింది. వాగు పక్కన పత్తిచేలల్లో పనిచేసే పిల్లలకు రెండూ వినపడసాగాయి.

"ఈ పిల్లలు మావాళ్ళు" అన్నాడు కోటిలింగం.

"మీవాళ్ళయితే మా సైన్సు ఎందుకు వింటన్నారు?" అన్నాడు వేములపాడు కరస్పాండెంటు.

"మీవాడు ఇనిపించేదాకా అరుస్తా ఉంటే, ఎందుకింటన్నారంటావేందయ్యా?"

గట్టు మీద చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. విరూపాక్షం గారు విచారణకు వచ్చి, పత్తిచేలో ఒక పిల్లవాణ్ణి పిలిచి ఏం నేర్చుకున్నావని అడిగాడు. వాడు చేతులు కట్టుకుని, "ఆవుకు ఊపిరితిత్తులు మూడు వేలు, ఒకటోసారి, రెండోసారి" అన్నాడు. ఉభయ పాఠశాలల బోధన నిరాటంకంగా చేరుతోందని ఆయన రాసుకున్నాడు.

ఆ తర్వాత గట్టు మీద కుర్చీ వేయించుకుని తీర్పు చెప్పాడు. "బాలునికి చెవులు రెండు. ప్రభుత్వ దృష్టిలో ఇవి రెండు వేర్వేరు యూనిట్లు. తూర్పున ఉన్న రాచమడుగుకు కుడి చెవియు, పడమట ఉన్న వేములపాడుకు ఎడమ చెవియు కేటాయించడమైనది. తదనుగుణముగా వివాద ప్రాంతములోని బాలలందరు పనివేళలందు ఉత్తర ముఖముగా ఉండవలెను."

అందరికీ న్యాయంగానే తోచింది. ఆ రోజు నుంచి వాగు చేలల్లో పిల్లలు ఉత్తరం తిరిగి పత్తి తీసేవాళ్ళు. సాలు చివరికి వెళ్ళాక వెనక్కి తిరగకూడదు గనుక, అలాగే వెనక్కి నడుచుకుంటూ వచ్చి మళ్ళీ మొదలెట్టేవాళ్ళు. ఒకనాడు ఐసుబండి వాడు తెలియక దక్షిణపు గట్టు మీద బండి ఆపి గంట కొట్టాడు. పిల్లలంతా ఒక్కసారి అటు తిరిగారు. రెండు బళ్ళ గ్రాంటూ అక్కడికక్కడే తారుమారైంది. రెండు ఊళ్ళ వాళ్ళూ మొట్టమొదటిసారి ఒక్కటై ఐసుబండి వాణ్ణి తన్నబోయారు. ఐసుబండ్లు ఉత్తర దిక్కున మాత్రమే నిలపాలని మరో ఉత్తర్వు వచ్చింది.

ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా బాగుపడింది ఒక పిల్లవాడు. వాడి ఎడమ చెవిలో ఏళ్ళ తరబడి చీము కారుతుంటే పట్టించుకున్న నాథుడు లేడు. ఎడమ చెవి వేములపాడు వాటా గనుక, వాళ్ళు గుంటూరు తీసుకెళ్ళి వైద్యం చేయించారు.

* * *

అయితే చేలల్లో పిల్లలు కొంచెం కొంచెంగా తగ్గిపోసాగారు. ముందు ఈరమ్మ, తర్వాత ఆమె తమ్ముడు, తర్వాత వడ్డెరపాలెం పిల్లలంతా. ఎటు పోతున్నారో తిరుపతయ్య మాస్టారికి తెలియలేదు. ఆయన కళ్ళు మూసుకుని ఆవును సాగదీస్తుంటాడు మరి. చివరికి ఆయన సొంత మనవరాలు సుగుణ కూడా కనపడకపోయేసరికి కండువా దులుపుకుని వెతకబోయాడు.

బియ్యం కొట్టు తలుపు తీస్తే, బస్తాల మీదా బస్తాల మధ్యా పిల్లలు. వాళ్ళ మధ్య నేల మీద రూతమ్మ టీచరు చింతపిక్కలు పోసి వాటాలు వేస్తోంది.

"ఇక్కడెందుకే నువ్వు? మన గొంతు ఊరంతా వినపడుతుంటే?" అన్నాడు మనవరాలితో.

"మెల్లిగా తాతా" అని సుగుణ మూతి మీద వేలు పెట్టింది. "నువ్వు మాట్లాడితే ఇక్కడేమీ వినపడదు."

తిరుపతయ్య మాస్టారు ముప్పయ్యేళ్ళ సర్వీసులో మొదటిసారి గొంతు తగ్గించి, "ఏం చెప్తంది?" అని అడిగాడు. సుగుణ కొంచెం పక్కకు జరిగి ఆయనకు బస్తా మీద చోటిచ్చింది. ఆయన మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాడు. ఆ పూట ఊళ్ళో గేదెలు రెండు చెంబులు పాలు ఎక్కువిచ్చాయి.

కానీ రెండో పరిశీలన దగ్గర పడింది. ఈరమ్మ రోజూ అడిగేది. "టీచర్, నిన్ను తీసేస్తే మాకెవురు చెప్తారు? బాజీ అన్నా?" రూతమ్మ టీచరు చింతపిక్కలు దోసిట్లోకి తీసుకుని మళ్ళీ పోసేది.

* * *

ఈసారి పరిశీలన మరింత కట్టుదిట్టం. మొదటిసారి జెండా మనుషులు వేట మాంసం తిన్న ఊళ్ళో జెండాలు దించలేదని ఫిర్యాదులొచ్చాయి. అందుచేత ఈసారి జెండాలు లేవు. విరూపాక్షం గారే స్వయంగా నడిచి, స్వయంగా వినాలి.

ఆయన బాగా చిక్కిపోయాడు. తిరుపతయ్య మాస్టారు ఎదురెళ్ళి "నమస్కారమండీ!" అన్నాడు. ఆయన పట్టించుకోలేదు. బాజీ వచ్చి "ఎక్కండి సార్, ఎక్కండి!" అని మెట్లు చూపించాడు. ఆయన బాజీ పెదాల వంక అయోమయంగా చూశాడు. అప్పుడు అర్థమైంది మాకు. జిల్లాలో ఉన్న గొంతులన్నిటికీ జానెడు దూరంలో చెవి పెట్టి నిలబడిన మనిషి. ఆ చెవుల్లో ఇక జోరీగల మోత తప్ప మరొకటి పట్టదు.

తిరుపతయ్య మాస్టారు ఆవును అందుకున్నాడు. నరాలు పొంగాయి. అరుగు మీద పలకలు అదిరాయి. విరూపాక్షం గారు బడి ముందే నిలబడి, "ఎప్పుడు ప్రారంభించెదరు?" అని అడిగాడు. ఆ తర్వాత బాజీ ఎక్కాలు చెప్పాడు. విరూపాక్షం గారు విచారంగా తల ఊపి, కాగితం మీద సున్నా చుట్టాడు. జిల్లా అంతటా అలాగే చుట్టుకుంటూ వస్తున్నాడట. ఒక్క పంతులు గొంతూ పెగలడం లేదని, విద్యావ్యవస్థ మూగబోయిందని ఆయన బెంగ.

ఎండ ఎక్కువై నీడ కోసం చూస్తే బియ్యం కొట్టు కనిపించింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి ఒక బస్తా మీద కూలబడ్డాడు. ఎదురుగా పిల్లలు ముందుకు వంగి ఉన్నారు. ఒక టీచరు నేల మీద చింతపిక్కలు పోసి, నాలుగు కుప్పలు చేసి, మిగిలిన పిక్కను వేలితో పక్కకు జరిపి, పిల్లల వంక చూసింది. పిల్లలు ఒక వేలు చూపించారు. ఆమె మళ్ళీ కలిపి, ఆరు కుప్పలు చేసి చూసింది. విరూపాక్షం గారు తనకు తెలియకుండానే మూడు వేళ్ళు చూపించాడు. ఆమె నవ్వి తల ఊపింది. ఆయన కూడా నవ్వాడు.

నివేదికలో ఆయన రాశాడు: "జిల్లా మొత్తము మీద ఒకే ఒక స్వరమూలము చెప్పినది నాకు వినబడినది. శ్రీమతి రూతమ్మ, రాచమడుగు."

* * *

ఆ నివేదిక చేరాక ఉన్నత స్థాయి సంఘం మళ్ళీ సముద్రపు ఒడ్డుకు వెళ్ళింది. గట్టిగా అరిచినవాళ్ళెవరూ వినపడలేదు, అసలు గొంతే లేని ఆవిడ వినపడింది. దీన్నిబట్టి తేలిందేమిటి? బోధనకు మూలం శబ్దం కాదు, నిశ్శబ్దం. ఇన్నాళ్ళూ ఇది తోచనందుకు సభ్యులు మళ్ళీ ఒకసారి సిగ్గుపడి, కొత్త ఉత్తర్వు తీశారు. ఇకమీదట గ్రాంటు నిశ్శబ్దాన్ని బట్టి. తరగతిలో వెలువడే ప్రతి శబ్దానికీ పంతులు జీతంలో కోత.

కొత్త ఉత్తర్వు వచ్చిన మర్నాడు తిరుపతయ్య మాస్టారు ఆవు గురించి గుసగుసగా చెప్పబోయి దగ్గొచ్చి ఒక పూట జీతం పోగొట్టుకున్నాడు. బాజీకి గుసగుస చేతకాక బస్టాండుకు తిరిగి వెళ్ళిపోయాడు. రూతమ్మ టీచరు పోస్టు రద్దు ప్రమాదం తప్పిందని పిల్లలు బియ్యం కొట్టులో గెంతులేశారు, చప్పుడు కాకుండా.

వాళ్ళ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. విరూపాక్షం గారు జీపులో మళ్ళీ వచ్చాడు. చేతిలో ముల్లు తిరిగే పెట్టె ఒకటి ఉంది. అది ధ్వనిమాపకం. చెవులు పోయాయి గనుక ఆయన ఇప్పుడు కళ్ళతో వింటున్నాడు. బియ్యం కొట్టులో పెట్టెను బస్తా మీద పెట్టి ముల్లు చూశాడు. అది సున్నా మీద పడుకుని ఉంది. ఆయన కళ్ళు చెమర్చాయి.

"అమ్మా, మీ సేవలు ఈ కుగ్రామములో వృథా కారాదు. మిమ్ములను జిల్లా కేంద్రమునకు రాష్ట్ర నిశ్శబ్ద శిక్షకురాలిగా శాశ్వత ప్రాతిపదికన నియమించడమైనది. హాలులో వెయ్యిమంది ఉపాధ్యాయులు. మీకు మైకు కూడ ఏర్పాటు చేసినాము. జీపు సిద్ధముగా ఉన్నది."

రూతమ్మ టీచరు లేచి నిలబడింది. "నేను రానండీ" అంది. "నాకు వీళ్ళు చాలు."

విరూపాక్షం గారు ముల్లు వంక చూశాడు. ముల్లు కదల్లేదు. "మౌనం అర్ధాంగీకారం" అన్నాడు ఆప్యాయంగా. "మిగతా సగము శాఖ తరఫున నేను కలుపుచున్నాను." జేబులోంచి కలం తీసి, 'సమ్మతించినారు' అని రాయడం మొదలెట్టాడు.

"రానంటందయ్యా ఆమె!" అని గుమ్మం దగ్గరనుంచి కోటిలింగం సైగలు చేశాడు. ఆయన దాన్ని వీడ్కోలు అనుకుని తిరిగి చెయ్యి ఊపాడు.

అప్పుడు ఈరమ్మ లేచింది. బస్తాల మీద ఒకసారి అందరి వంకా చూసింది. ఇన్నాళ్ళూ గొంతెత్తని పిల్లలు ఆమెతో పాటు లేచి నిలబడ్డారు.

"రాదంట సార్!"

నలభైమందీ ఒక్కసారిగా అన్నారు. కొట్టు కప్పు మీది పావురాలు లేచిపోయాయి. వాగు అవతల వేములపాడు వేలం మాస్టారు ఎవరో తన్నబోతున్నారనుకుని అరుగు దిగాడట. పెట్టెలో ముల్లు ఈ కొస నుంచి ఆ కొసకు ఎగిరి, అక్కడ ఇరుక్కుపోయింది.

విరూపాక్షం గారు పెట్టెను తట్టాడు. ముల్లు రాలేదు. రాసిన మాటను కొట్టేసి, కింద ఇలా రాశాడు: "ఈ తరగతి నందు అతి భయంకరమైన శబ్దము ప్రత్యక్షముగా చూడడమైనది. సదరు ఉపాధ్యాయురాలు నిశ్శబ్ద శిక్షణకు సర్వథా అనర్హురాలు. కనుక శిక్షగా ఇదే పాఠశాలలో, ఇదే తరగతిలో, పదవీ విరమణ పర్యంతము కొనసాగించవలెను. శబ్దమునకు నిబంధనల ప్రకారము వేతనములో కోత విధించవలెను."

జీపు వెళ్ళిపోయింది. కోటిలింగం ఆ కాగితం పట్టుకుని తల గోక్కుంటూ నిలబడ్డాడు. "ఇంతకీ కోత ఎంత పడుద్దో, ఏమీ రాయకుండా పోయాడేందయ్యా ఈయన!"

"రూలుందిగా, కట్టుకోవచ్చు" అంది రూతమ్మ టీచరు. ఉత్తర్వు గోడకు ఆనించి, శబ్దానికి ఇంత, నోటికి ఇంత అని ఉన్న చోటు వేలితో చూపించింది. పిల్లలు పలకలు తీశారు. కొట్టులో సుద్దముక్కల గీతల చప్పుడు తప్ప ఏమీ లేదు. తిరుపతయ్య మాస్టారు కూడా సుగుణ పలకలోకి తొంగి చూస్తూ కూర్చున్నాడు.

ముందుగా ఈరమ్మ లేచింది. మొహం అయోమయంగా ఉంది.

"టీచర్, నాకేందో తేడాగా వచ్చింది. నలభై నోళ్ళకి కోత తీసేస్తే, నీ జీతమంతా పోయి, ఇంకా మనమే పన్నెండు రూపాయలు ఎదురియ్యాల గవర్నమెంటుకి."

"నాకూ అంతే వచ్చింది" అంది సుగుణ.

"ఎదురియ్యడమేందే?" అన్నాడు కోటిలింగం. కాసేపు ఆలోచించి, "సరేలే, ఎట్టాగూ ఆ గోడలు మళ్ళీ కట్టుకోవాలిగా. ఊరంతా వేసుకునే చందాలోనే ఈ టీచరమ్మ జీతం కూడా వేసుకుందాం. ఆ పన్నెండు రూపాయలు మటుకు నేను మనియార్డరు చేస్తా" అన్నాడు.

రూతమ్మ టీచరు ఈరమ్మ పలక అందుకుని, పైనుంచి కింది దాకా మళ్ళీ ఒకసారి కట్టి చూసింది. ఎక్కడా తప్పు కనపడలేదు. టిక్కు పెట్టి, తర్వాతి లెక్క చెప్పింది.